మూడు గంటల ఎండ

ఒక ఇంటికి తూర్పున ఒక బాల్కనీ ఉండేది. ఆ బాల్కనీకి రోజుకి మూడు గంటల ఎండ వచ్చేది. ఎనిమిదింటికి సూర్యుడు ఎదుటి మేడ దాటి తొంగిచూసేవాడు. పదకొండింటికి పై అంతస్తు బాల్కనీ నీడ కిందికి దిగేది. ఆ తరవాత రోజంతా వెలుతురే గాని ఎండ లేదు.

ఆ ఇంట్లో ఒక అత్త, ఒక కోడలు ఉండేవారు. ఇంటి మగవాడు లారీ మీద నెలకి ఇరవై రోజులు ఊళ్ళు తిరిగేవాడు. కోడలు మోటారు మిషను మీద జాకెట్లు కుట్టేది. అత్త వాటికి హుక్కులు వేసేది.

అత్త జ్ఞాపకానికి కూడా ఆ బాల్కనీ లాంటి వేళలే ఉండేవి. పొద్దున కాఫీ తాగాక తల తేటపడేది. మధ్యాహ్నానికి మళ్ళీ మబ్బు కమ్మేది. ఒకరోజు మధ్యాహ్నం పాలు పొంగుతుంటే కోడల్ని పిలవబోయింది. పేరు రాలేదు. "అమ్మాయ్!" అంది. కోడలు వచ్చి పొయ్యి కట్టేసింది. ఆ మాట ఎంత మంచిదో అత్తకి ఆ రోజు తెలిసింది. పేరు మరిచిపోయినా ఆ ఒక్క మాటతో ఇల్లు గడిచిపోతుంది.

కాని ఆమె దగ్గరున్న ముగ్గుకి అలాంటి మారుమాట లేదు.

అది పదిహేను చుక్కల మెలికల ముగ్గు. ఆమె అత్తగారు పోతూ పోతూ ఇచ్చింది. చుక్కలు నూట పదమూడు. వాటిని చుట్టి తిరిగే గీత మాత్రం ఒక్కటే. బయల్దేరిన చుక్క దగ్గరికే తిరిగొచ్చి కలవాలి. ఒక్క మెలిక తప్పితే గీత ఇంటికి రాదు.

"కాగితం మీద పెట్టకు. నలుగురికీ పంచకు. చివర్లో ఒక్కదానికి ఇచ్చి వెళ్ళు" అంది ఆవిడ. చివర అనేది చెప్పి వస్తుందో చెప్పకుండా వస్తుందో మాత్రం అనలేదు.

అందుకని అత్త రోజూ పొద్దున్నే బాల్కనీలో గొంతుక్కూర్చుని, బియ్యప్పిండితో ఆ ముగ్గులో ఒక ముక్క వేసి చూసుకునేది. ఇవాళ ఈ మూల, రేపు ఆ మూల. సరిగ్గా వచ్చిందనుకోగానే తడిగుడ్డతో తుడిచేసేది. పక్కింటావిడ తన బాల్కనీలో బట్టలారేస్తూ పిట్టగోడ మీంచి చూసేది.

"ఏంటి పిన్నిగారూ, వేసింది వేసినట్టే చెరిపేస్తారు. నా దిష్టి తగులుతుందనా?"

"చెయ్యి ఆడిస్తున్నానమ్మా, అంతే."

"ఆ చెయ్యేదో నా అంట్ల మీద ఆడించరాదూ?" అని నవ్వి, ఖాళీ బకెట్టుతో లోపలికి వెళ్ళిపోయేది.

ఇలా ఉండగా కోడలు ఒక సోలార్ పలక తెప్పించింది. నల్లగా, తలుపురెక్కంత ఉంది. పలకలమ్మే మనిషి దాన్ని పిట్టగోడ మీద కాస్త ఏటవాలుగా బిగించాడు. దాని తీగ ఒక చిన్న పెట్టెలోకి, పెట్టె తీగ గోడ ప్లగ్గులోకి వెళ్ళాయి. పెట్టె మీద పచ్చటి అంకె ఒకటి వెలిగింది.

"అంతేనా?" అంది కోడలు.

"అంతేనండి. ఎండ ఎంతుంటే అంకె అంత."

"ఇక గీజరు, ఇస్త్రీపెట్టె, ఫ్రిజ్జు, అన్నీ దీని మీదేగా?"

ఆ మనిషి తల గోక్కున్నాడు. "గీజరు ముందు ఇది సముద్రంలో కాకిరెట్టండి. మీ మిషను, ఫాను, మిక్సీ లాంటి వాటికి ఆసరా అవుతుంది. అదీ ఎండ ఉన్నంతసేపే. మిగతాది లైను కరెంటే."

కోడలు సగం మాటే విన్నది. కావలసిన సగం.

మూడు వారాలు గడిచాయి. పదకొండు దాటగానే అంకె కూలబడేది. మబ్బేస్తే నడుం వాల్చేది. రాత్రి సంగతి సరేసరి. కోడలు అంకెకేసి చూసినప్పుడల్లా మూతి ముడిచేది.

ఒక మంగళవారం తొమ్మిదింటికి వీధిలో కరెంటు పోయింది. ఎండ కళ్ళు పొడిచేస్తోంది. కోడలు ధీమాగా మిషను ముందు కూర్చుని కాలుతో నొక్కింది. మిషను ఉలకలేదు, పలకలేదు. పెట్టె మీద అంకె కూడా లేదు. కోడలు పలకలమ్మే మనిషికి ఫోన్ చేసింది.

"ఎండ మండిపోతోంది కదయ్యా, దీనికేం రోగం?"

"రోగం కాదండి, దాని పద్ధతే అంత. లైను పోతే అదీ ఆగిపోవాలి. ఎక్కడో స్తంభం మీద ఒకడు తీగ పట్టుకుని ఉంటాడు. మీ పలక కరెంటు వాడికి తగలకూడదు కదా."

"ఎవడి కోసమో మా ఇల్లు ఆపుకోవాలా? ఆదివారం వచ్చి విప్పుకుపో. రోజుకి మూడు గంటలు పనిచేసి, అవసరానికి ఆగిపోయేదాన్ని ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకోను?"

అత్త చేతిలో హుక్కు జారి కింద పడింది. కోడలు అన్నది పలకనే. ఆ సంగతి అత్తకీ తెలుసు. అయినా ఆ మాట పలక దాకా వెళ్ళకుండా ఆమె దగ్గరే ఆగిపోయింది.

ఆదివారం లోగా దాన్ని ఎలాగైనా నిలబెట్టాలనుకుంది అత్త. తనకి తెలిసిన దారి ఒకటే. శుక్రవారం తలంటుకుని, పలకని తడిగుడ్డతో తుడిచి, నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. పై అంచున ఒత్తుగా కట్టిన చామంతి దండ వేసింది. దణ్ణం పెట్టుకుని పెట్టెకేసి చూసింది. రెండు వందల ఎనభై ఉన్న అంకె తొంభైకి దిగింది.

"ఇదేం చోద్యం?" అంది అత్త.

"దండ తియ్యమ్మా" అంది పలక.

అత్త ఉలిక్కిపడలేదు. ఈమధ్య ఏది నిజంగా వినిపిస్తోందో ఏది కాదో విచారించడం మానేసింది. దండ తీసింది. అంకె మెల్లగా పైకి లేచింది.

"గుప్పెడు పూలకే అంత బాధా నీకు?"

"నా గళ్ళన్నీ ఒకే దారమమ్మా. ఒక్క గడి మీద నీడ పడినా దారమంతా బిగుసుకుంటుంది."

అత్త ఆ గళ్ళకేసి చూసింది. వరసలు లెక్కపెట్టింది. తన ముగ్గు గుర్తొచ్చింది.

"పోనీ, మూడు గంటల ఎండలో కాస్త దాచుకోకూడదూ? సాయంత్రానికి పనికొస్తుంది."

"దాచుకోడానికి నాకు డబ్బా లేదు. వచ్చింది వచ్చినట్టు ఇచ్చెయ్యడమే."

"తీసుకునేవాళ్ళు లేకపోతే?"

"గోడ దాటి వెళుతుంది. పక్కింట్లో మిక్సీ తిప్పుతుంది. అది ఎక్కణ్ణించి వచ్చిందో వాళ్ళకి తెలీదు."

"నీకు కష్టంగా ఉండదూ?"

"ఎండ నాదా ఏంటి?" అంది పలక.

ఆ రోజల్లా అత్తకి అన్నం సయించలేదు. దాచడానికి డబ్బా ఉందనుకుని ఇన్నేళ్ళు ఎదురుచూసింది. ఆ డబ్బాకి అడుగు లేదని రోజూ మధ్యాహ్నం తెలుస్తూనే ఉంది.

శనివారం ఎనిమిదింటికి ఎండ పిట్టగోడ మీద పడింది. అత్త బియ్యప్పిండి గిన్నె తెచ్చుకుని, చెంగు బిగించి, లోపలికి కేకేసింది.

"అమ్మాయ్, మిషను ఆపి ఇలా రా."

"ఇప్పుడా అత్తయ్యా? పెళ్ళివాళ్ళ జాకెట్లు ఆరున్నాయి. సాయంత్రం చూద్దాం."

"సాయంత్రం నేనుండను."

కోడలు కంగారుగా వచ్చింది. "ఎక్కడికెళతారు?"

"ఎక్కడికీ వెళ్ళను. ఈ మంచం మీదే ఉంటాను. కాని నేనుండను. కూర్చో."

కోడలు అత్త మొహంలోకి చూసింది. బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

అత్త నూట పదమూడు చుక్కలు పెట్టింది. గీత మొదలైంది. "చూడు, ఇక్కడ ఒకదాన్ని చుట్టి, రెండోదాని కింద దూరాలి. ఇదిగో, ఇలా ఎగిరి రావాలి. వెళ్ళిన దారిని మళ్ళీ దాటుతాం గాని, మళ్ళీ తొక్కం." కోడలి వేలు గాలిలో వెంట తిరిగింది. జాకెట్టు మెడకి తాడు కుట్టే చెయ్యి అది. ఇట్టే పట్టుకుంటోంది. మూడు మూలలు పూర్తయ్యాయి. పది దాటింది.

నాలుగో మూల దగ్గర అత్త చెయ్యి ఆగింది.

కుడికి పోనిచ్చింది. రెండు చుక్కలు ఒంటరిగా మిగిలాయి. చెరిపి, ఎడమకి పోనిచ్చింది. గీత వచ్చి గీతకే గుద్దుకుంది. మళ్ళీ చెరిపింది. పిండి చెమటకి వేళ్ళకి అంటుకుంది. నీడ పై బాల్కనీ అంచు నుంచి గోడ మీదికి జారుతోంది.

"ఇవాల్టికి ఆపుదాం అత్తయ్యా. రేపు గుర్తొస్తుంది."

"రేపటికి ఈ మూడు మూలలు కూడా ఉంటాయో లేదో." అత్త వేళ్ళకంటిన పిండి చెంగుకి తుడుచుకుంది. "ఇది నాతోనే పోతే మా అత్తగారికి ఏం మొహం చూపించను?"

గిన్నెలో పిండి కూడా అయిపోయింది. డబ్బా తీస్తే అదీ ఖాళీ. కోడలు గిన్నె పట్టుకుని పక్కింటికి పరిగెత్తింది. వెళ్ళినది వెళ్ళినట్టే గుమ్మంలో ఆగిపోయి, అక్కణ్ణించే పిలిచింది.

"అత్తయ్యా, ఒక్కసారి ఇలా రండి. తొందరగా రండి."

అత్త గోడ పట్టుకుంటూ వెళ్ళింది. పక్కింటి గుమ్మం ముందు ఏడు చుక్కల చిన్న ముగ్గుంది. దాని నాలుగు మూలల్లోనూ ఒకటే మెలిక. గీత కుడికి పోతున్నట్టే పోయి, వెనక్కి తిరిగి, రెండు చుక్కల్ని ఒకే చుట్టులో కలుపుకుని ఎడమకి దిగింది.

పక్కింటావిడ పిండి డబ్బాతో బయటికొచ్చింది.

"ఈ మెలిక ఎక్కడిదమ్మా?" అని అడిగింది అత్త.

"ఇదా? ఎవరు నేర్పారో గుర్తులేదు పిన్నిగారూ. చెయ్యి దానంతటదే తిరుగుతుంది. మా అమ్మాయి అత్తారింట్లో కూడా ఇదే వేస్తుందట. వాళ్ళ ఆడపడుచు అడిగి మరీ నేర్చుకుందట. ఏం, తప్పుందా ఇందులో?"

కోడలు అత్తకేసి చూసింది. 'అది నాది' అన్న మాట అత్త నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ కాసేపు కూర్చుని, తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

"తప్పేం లేదమ్మా" అంది అత్త. "ఇంకొక్కసారి తిప్పి చూపించు. నేర్చుకుంటాను."

"నా దగ్గరా? మీరా?" పక్కింటావిడ నవ్వుతూనే వంగి, చిటికెడు పిండితో నేల మీద నెమ్మదిగా తిప్పింది. అత్త, కోడలు ఇద్దరూ తలలు ఆనించి చూశారు.

పదకొండుకి పది నిమిషాలుందనగా బాల్కనీలో గీత ఇంటికొచ్చింది. చివరి మెలిక కోడలు వేసింది. అత్త తుడిచే గుడ్డ కోసం చెయ్యి చాపింది. కోడలు ఆ గుడ్డ తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. ముగ్గు ఆ రోజంతా అలాగే ఉంది.

ఆదివారం పలకలమ్మే మనిషి పానాలు పట్టుకుని వచ్చాడు.

"విప్పమన్నారు."

"విప్పమనలేదు, సరిచెయ్యమన్నాను" అంది కోడలు, మొహాన నవ్వు కనబడనీకుండా. "ఆ బట్టలారేసే తీగ నీడ దీని మీద పడుతోంది. తీగ కాస్త ఇవతలికి జరిపి, టీ తాగి వెళ్ళు."

ఆ మర్నాటి నుంచి ఆ ఇంటి వేళలు మారాయి. పెద్ద కుట్టుపని, రుబ్బడం, మోటారుతో నీళ్ళు ఎక్కించడం, అన్నీ ఎనిమిది నుంచి పదకొండు లోపలే. కాని ఎనిమిదిన్నరకి అరగంట పాటు మిషను ఆగేది. ఆ అరగంట అత్త చెప్పేది, కోడలు వినేది. కొన్నిసార్లు పిట్టగోడ అవతల బకెట్టు చప్పుడు లేకుండా ఆగేది. అత్త గమనించేది. గొంతు కాస్త పెంచేది.

చలికాలం వచ్చింది. సూర్యుడు ఎదుటి మేడ దాటడానికి తొమ్మిది కొట్టేది. ఎండ రెండు గంటలకి తగ్గింది. అత్త వేళలు కూడా తగ్గాయి.

ఒకనాడు తొమ్మిదిన్నరకి అత్త గుమ్మం దాకా నడిచింది. గుమ్మం ముందు పదిహేను చుక్కల ముగ్గుంది. పక్క గుమ్మం ముందు ఇంకొకటి. వరండా చివర, ఎవరో కొత్తగా దిగిన వాళ్ళ గుమ్మం ముందు, కాస్త వంకరగా మరొకటి.

"ఎవరేశారే అమ్మాయ్, ఇంత బాగా?"

కోడలు మిషను ఆపి వచ్చింది. పక్కనే కూర్చుంది.

అత్త వంగి, గీత మీద వేలు పెట్టింది. ముగ్గు చెదరకుండా, వేలు గాలిలో వెంట్రుకవాసి ఎత్తున కదిలింది. మొదటి మూల తిరిగింది. రెండోది, మూడోది తిరిగింది. నాలుగో మూల దగ్గర కోడలు ముందుకి వంగింది. వేలు ఆగలేదు. కుడికి పోతున్నట్టే పోయి, వెనక్కి తిరిగి, రెండు చుక్కల్ని కలుపుకుని ఎడమకి దిగింది.

"ఎవరిదో గాని, ఇంటికొచ్చింది" అంది అత్త, తృప్తిగా.

ఆ వేళ ఇంట్లో మిషను ఆగి ఉంది. ఫాను ఆగి ఉంది. బాల్కనీలో పలక మీద ఎండ నిండుగా ఉంది. గోడ అవతల ఎవరిదో మిక్సీ తిరగడం మొదలుపెట్టింది.