గేటు గాడిలో చింతపిక్క

ఖాదర్‌వలీ మాస్టారింటికి వెళ్లడానికి వకుళకి మొహం చెల్లేది కాదు.

పరిశోధన అంటే ఏమిటో ఆయన దగ్గరే నేర్చుకుంది. కణంలో తయారైన ప్రోటీనుల్లో బయటికి పోవలసినవి ముందు ఒక పొర దాటాలి. ఆ పొరలో ఉన్న ద్వారం తెరుచుకుంటేనే వాటికి దారి. జబ్బు చేసే వైరసు కూడా తన సరుకుని ఆ దారినే పంపిస్తుంది. దాన్ని ఆపడానికి చిన్న అణువు చాలని మాస్టారు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు.

కొత్త ఉద్యోగంలో చేరిన వకుళ, నిండు సభలో మైకు చేతికి రాగానే, "అంత పెద్ద ప్రోటీను పోయే దారికి ఈ చిటికెడు అణువా అడ్డం? మా మాస్టారిది పాతకాలపు ఆశ" అనేసింది. అందరూ నవ్వారు. ముందు వరసలో ఉన్న మాస్టారూ నవ్వారు. ఆ నవ్వే ఆమెను తినేసింది.

తర్వాత ఆ దారికి బిరడాల్లా ఉండే పెద్ద పెద్ద అణువులు చేసింది. దారి మూయడం దేవుడెరుగు, అవి కణంలోకే దూరలేదు. సాయంత్రమైతే చాలు, మాస్టారికెదురుగా కూర్చుని టీ తాగుతూ తిట్లు తినాలని ప్రాణం కొట్టుకుపోయేది. ఫోను తీసేది, పెట్టేసేది.

చివరికి ఆ చిక్కునే వంకగా పెట్టుకుని వెళ్లింది. మాస్టారు వరండాలో కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తున్నారు.

"మాస్టారూ, పెద్దవి లోపలికి పోవట్లేదు. చిన్నవి దారికి చాలవు. ఏం చెయ్యను?"

"ముందు వీధి చివర టీ పట్రామ్మా," అని రెండు గ్లాసులు చేతిలో పెట్టారు.

తిరిగొచ్చేసరికి వరండా మడత గేటు మూసి ఉంది. లాగింది, కదల్లేదు. గ్లాసులు మెట్టు మీద పెట్టి రెండు చేతులా లాగింది.

"మాస్టారూ, గేటు రావట్లేదు."

"లాగమ్మా," అన్నారాయన తలెత్తకుండా.

ఇన్నాళ్లకి వచ్చి, ఊచల్లోంచి ఆయన్ని చూస్తూ బయటే నిలబడాల్సి వచ్చేసరికి ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. టీ మీద మీగడ కట్టింది. కళ్లు తుడుచుకుని కిందికి చూస్తే, గేటు గాడిలో బయటివైపు, చక్రం పక్కన ఒక చింతపిక్క. దానంతటది ఎగిరొచ్చి పడ్డది మాత్రం కాదు.

వకుళ వంగి చూసింది: ఆ చిన్న పిక్కకే చక్రం ఇరుక్కుని ఆగిపోయింది.

"దారికి బిరడా అక్కర్లేదు," అంది మెల్లగా. "తలుపు కదలకపోతే చాలు."

మాస్టారు ఇంకో పిక్క తీశారు.

ఆమె తలపిన్నుతో పిక్క పెకలించింది. గేటు తెరుచుకుంది. లోపలికెళ్లి, ఆయన ముందు గ్లాసు పెట్టి, నేల మీదే కూలబడింది.

"మాస్టారూ, ఆ రోజు సభలో..." అంటూ ఆయన గ్లాసుని ఇంకాస్త దగ్గరికి జరిపింది. "ఒక్కసారి పిలిచి చివాట్లు పెట్టి ఉంటే పరిగెత్తుకొచ్చేదాన్ని కదా! ఎందుకు పిలవలేదు?"

మాస్టారు చల్లారిన టీ ఒక గుక్క తాగారు.

"నేనిటునుంచి లాగినా వచ్చేది కాదమ్మా. పిక్క నీ వైపుంది."