కుడి భుజం కొలత

మద్దిలేటికి సూదిలో దారం ఎక్కడం లేదు.

మూడుసార్లు దారం కొసను నోట్లో తడిపాడు. మూడుసార్లు వేళ్ళతో నలిపి సన్నం చేశాడు. దారం బెజ్జం పక్క నుంచి పోతోందే గానీ లోపలికి దూరడం లేదు. చెయ్యి వణుకుతోంది. పదేళ్ళుగా పీరాన్ తాత వసారాలో కూర్చుని వందల సూదులకు దారం ఎక్కించిన చెయ్యి అది.

పీరాన్ తాత దర్జీ. ఫకీరు కూడా. రెండింటిలో ఏది ముందని ఎవరైనా అడిగితే, "కుట్టుపని తెల్లారితే మొదలైతాది. ఫకీరీ ఎప్పుడు మొదలైతాదో నాకూ తెల్వదప్పా" అనేవాడు. బోధలు చేసే అలవాటు ఆయనకు లేదు. చూపు మందగించినప్పటి నుంచి మాత్రం ఒక కట్టుబాటు పెట్టాడు. శిష్యుడై వచ్చినవాడు ముందు పన్నెండు సూదులకు దారం ఎక్కించాలి. ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడగొచ్చు. చాలామందికి పన్నెండో సూది అయ్యేసరికి ప్రశ్న గుర్తుండేది కాదు. గుర్తున్నవాళ్ళకు తాత ఏదో ఒక పని చెప్పేవాడు. అదే జవాబు అనుకుని పోవాలి.

ఆ గురువారం మధ్యాహ్నం మద్దిలేటి నాలుగో సూది దగ్గరే చతికిలబడ్డాడు.

"తాతా, ఈ పూట నావల్ల కాదు. నాకొక చొక్కా కుట్టియ్యాల," అన్నాడు.

తాత కళ్ళద్దాలు సర్దుకుని అతన్ని ఎగాదిగా చూశాడు. "కుడతాలే. నీ కుడి భుజం రెండు వేళ్ళు కిందికి జారింది. ఏం మోస్తాండావు?"

మద్దిలేటి వీధి వైపు ఒకసారి చూసి, పైపంచె తొలగించాడు. నడుముకు రెండు చుట్లు చుట్టిన తువ్వాలు విప్పి, రెండు చేతులా పట్టుకుని ఒక రివాల్వర్ బయటికి తీశాడు.

అది అలాంటిలాంటి రివాల్వర్ కాదు. పొడుగు మూరకు నాలుగు వేళ్ళు తక్కువ. బరువు సన్నికల్లు పొత్రమంత. గొట్టంలో చిటికెనవేలు దూరుతుంది. అడవిదున్నల్ని కొట్టడానికి ఎవరో దొర సీమ నుంచి తెప్పించుకున్నాడట. దొర ఓడెక్కి పోతూ అమ్మేసిన సామాన్లలో మద్దిలేటి దీన్ని ఏరికోరి తెచ్చుకున్నాడు. లైసెన్సు కోసం కచేరీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. ఆ సామాన్లలో గుప్పెట్లో పట్టే చిన్న పిస్తోలు కూడా ఒకటుంది. దాన్ని చూసి నవ్వాడు. ప్రాణమంటే చిన్న వస్తువా, దాని కాపలాకు చిన్న తుపాకీ పెట్టడానికి?

ప్రాణానికి ముప్పు సుంకన్న నుంచి. సుంకన్న పరాయివాడేం కాదు, పొలం పక్క పొలం. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే చింతచెట్టెక్కి, ఒకే కొమ్మ మీద కూర్చుని, కొమ్మతో సహా కింద పడ్డారు. మద్దిలేటికి మోకాలు గీసుకుపోయింది. సుంకన్నకు ఎడమ చెయ్యి విరిగింది. మూడు క్రోసుల దూరం అతన్ని వీపున మోసి కట్టు కట్టేవాడి దగ్గరికి చేర్చింది మద్దిలేటే. ఎముక అతుక్కుంది గానీ ఆ చెయ్యి రెండంగుళాలు పొట్టిగానే మిగిలిపోయింది.

అంత స్నేహమూ మొన్న ముంగారు వానలకు కొట్టుకుపోయింది. సుంకన్న బండి పోయే బాటను మద్దిలేటి నాలుగు సాళ్ళు లోపలికి దున్నేశాడు. సుంకన్న బండి దిగి వచ్చాడు. మాటా మాటా పెరిగింది. చివరికి సంతలో నలుగురి ముందు సుంకన్న అన్నాడు: "ఈ పంట ఇంటికొచ్చే లోపల నీ అంతు చూస్తా."

ఆ మాట విన్నప్పటి నుంచి మద్దిలేటికి కంటి మీద కునుకు లేదు. భయం తీరాలని రివాల్వర్ తెచ్చాడు. అది వచ్చినాక కొత్త కష్టాలు మొదలయ్యాయి.

మొలలో దోపితే పంచె జారింది, అదీ సంతలో. తువ్వాలుతో కడితే సరిగా కూర్చోను రాదు, వంగను రాదు. ఏడేళ్ళ కూతురు ఒళ్ళోకి రావడం మానేసింది. "నాయనా, నీ కడుపులో ఇనుముంది, గుచ్చుకుంటాది," అని అమ్మ దగ్గరికి పోయింది. ఆ మాటకు మద్దిలేటి ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇక అన్నిటికీ మించినది, దాన్ని పరీక్ష చేద్దామనుకోవడం. పశువుల కొట్టం మట్టిగోడకు సుద్దతో గుండ్రంగా గీసి, ఒక్కటంటే ఒక్క గుండు పేల్చాడు. అది వెనక్కి తన్ని నుదురు వాచింది, మణికట్టు బెణికింది. ఎద్దులు పలుపులు తెంచుకున్నాయి. గుండు మట్టుకు సుద్దగీత దగ్గర ఆగలేదు. గోడ దాటి, సందు దాటి, ఎల్లమ్మవ్వ తడికె దాటి, పొయ్యి మీది పప్పుచట్టిని పగలగొట్టింది. చట్టికి జానెడు దూరంలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది ఎల్లమ్మవ్వ.

ఆమె చట్టి పెంకు చేత్తో పట్టుకుని వచ్చింది. "ఏమప్పా మద్దిలేటీ, సుంకన్న మీద కోపముంటే నా పప్పేం చేసింది?" అని అడిగింది.

కొత్త చట్టి కొనిచ్చాడు, కాళ్ళకు మొక్కాడు. కానీ ఆ జానెడు దూరం అతని గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది. కళ్ళు మూస్తే సుంకన్న కనిపించడం మానేశాడు. ఎల్లమ్మవ్వ కనిపిస్తోంది.

ఇదంతా తాతకు చెప్పి, "అందుకే ఒక పొడుగు చొక్కా కుట్టియ్యి తాతా. లోపల దీనికొక జేబు పెట్టు. ఎవరికీ కనపడగూడదు, పిలిస్తే చేతికి రావాల," అన్నాడు.

నిజానికి అది పారేస్తే పీడ విరగడవుతుందని అతనికీ తెలుసు. పారేస్తే సుంకన్న వస్తాడేమోనని భయం. మింగలేక, కక్కలేక ఉన్నాడు.

తాత వద్దనలేదు. "సరే. ముందు దాని పళ్ళు పీకు," అన్నాడు.

మద్దిలేటి తూటాలు ఒక్కొక్కటే తీసి గుండీల డబ్బాలో వేశాడు. తాత టేపు తీసి, పెళ్ళికొడుక్కు తీసినంత శ్రద్ధగా రివాల్వర్‌కు కొలతలు తీశాడు. పొడుగు, నడుము, పిడి. తర్వాత పాత కోటు ఒకటి తెచ్చి, దాని లోపల నాలుగు పెద్ద కుట్లతో గుడ్డసంచి తగిలించి, మద్దిలేటికి తొడిగించాడు. ఖాళీ రివాల్వర్ అందులో దిగింది.

"ఇప్పుడు నేనే సుంకన్న అనుకో," అన్నాడు తాత. "ఆ గుంజ కాణ్ణుంచి వస్తా. నువ్వు తియ్యి."

"నువ్వు రావడమేంది తాతా..."

"వస్తాండా."

డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళు నొప్పి. మెడలో టేపు వేలాడుతోంది. గుంజ దగ్గర నుంచి ఐదడుగులు, తొందరేమీ లేకుండా నడిచాడు. మద్దిలేటి చెయ్యి కోటులోకి పోయింది. పిడి దొరికింది. లాగితే గొట్టం చివర సంచి అంచుకు తట్టుకుంది. ఇంకా గట్టిగా లాగితే పిడి పైనున్న తుపాకీ సుత్తి గుడ్డలో ఇరుక్కుంది. మోచెయ్యి పైకెత్తి మళ్ళీ లాగాడు. కోటుతో పాటు మనిషే ఒక పక్కకు తిరిగిపోయాడు.

చల్లగా ఏదో మెడకు తగిలింది. చూస్తే టేపు మెడ చుట్టూ ఉంది.

"పద్నాలుగున్నర," అన్నాడు తాత.

టేపు విప్పుతూ తాత మెల్లగా అన్నాడు: "నలభై ఏండ్లుగా ఇదే పని చేస్తాండా. నాకాడికి వచ్చినోళ్ళంతా మెడ ఇచ్చి నిలబడినారు. ఒక్కరు గూడా అదరలేదు."

మద్దిలేటి చాలాసేపు ఆలోచించాడు. ఆలోచించి, "అట్లయితే జేబు ఇంకో రెండంగుళాలు పైకి కుట్టు తాతా," అన్నాడు.

తాతకు నవ్వు ఆగలేదు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నవ్వి, కళ్ళు తుడుచుకుని, లోపలికి పోయి కుట్టి పెట్టిన చొక్కా ఒకటి తెచ్చాడు. "ఇట్లాంటిదేనా? తొడిగి చూడు."

మద్దిలేటి తొడిగాడు. లోపల నిలువునా పొడుగాటి సంచి ఉంది. వేటకొడవలి పట్టేంత పొడుగు. అది వేసుకుని కూర్చునేవాడెవడో గానీ, నేల మీద కూర్చోలేడు. కుడి భుజం రెండు వేళ్ళు కిందికి కత్తిరించి ఉంది. అతని జారిన భుజానికి అతికినట్టు సరిపోయింది.

"నాకోసమే కుట్టినట్టుందే," అంటూ చేతులు చాపాడు.

కుడి చెయ్యి సరిగా ఉంది. ఎడమ చేతికి మణికట్టు దాకా కూడా రాలేదు. రెండంగుళాలు పొట్టి.

మద్దిలేటి ఆ చేతి వైపే చూస్తూ నిలబడిపోయాడు. చింతకొమ్మ విరిగిన చప్పుడు చెవిలో వినిపించింది. వీపు మీద పడి "నొప్పిరా మద్దిలేటీ" అని ఏడ్చిన పిల్లవాడి వేడి ఊపిరి మెడకు తగిలినట్టయింది.

"తాతా... ఈయప్పకు నిద్ర పడ్తాందా?"

"నువ్వింకా పన్నెండు సూదులు ఎక్కించలేదు," అన్నాడు తాత.

మద్దిలేటి ఆ చొక్కా విప్పి, మడిచి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సంచి కుట్లను వేలితో తడిమాడు. "ఈ సంచి విప్పేసేదా?"

"అది నీ చొక్కా కాదు."

కాసేపటికి మద్దిలేటి లేచాడు. రివాల్వర్‌ను తీసుకోలేదు. తూటాల్నీ తీసుకోలేదు. "సుంకన్న ఎప్పుడొస్తాడు?" అని కూడా అడగలేదు. తాతే చెప్పాడు, కత్తెర వైపు చూస్తూ: "రేపు పొద్దున."

మర్నాడు పొద్దున్నే మద్దిలేటి వసారాలో ఉన్నాడు. దారిపొడుగునా ఒళ్ళు తేలికగా ఉంది, ప్రాణం మాత్రం గుప్పెట్లో ఉంది. నడుముకు తువ్వాలు లేదు. వచ్చే ముందు కూతురు ఎన్నాళ్ళకో వచ్చి ఒళ్ళో కూర్చుని, అతని పొట్ట తడిమి చూసి, "ఇనుము లేదు," అని తల్లికి కేకేసి చెప్పింది. అది తల్చుకుంటే ఏడుపో నవ్వో తెలియకుండా ఉంది.

తాత గుడ్డ పరిచి కత్తిరిస్తున్నాడు. గాలికి గుడ్డ లేవకుండా ఒక మూల రివాల్వర్ పెట్టాడు. మద్దిలేటి కొన్ననాటి నుంచి అది చేసిన మొదటి మంచి పని అదే.

మద్దిలేటి సూదులు తీసుకున్నాడు. మణికట్టు ఇంకా నొప్పిగానే ఉంది. అయినా పదకొండు సూదులు ఆగకుండా ఎక్కాయి. పన్నెండోది చేతిలో ఉండగా గుంజ దగ్గర నీడ పడింది.

సుంకన్న.

మద్దిలేటిని చూసి కొయ్యబారిపోయాడు. మొహం పీక్కుపోయి ఉంది, కళ్ళ కింద నలుపు. కుడి భుజం జారి ఉంది. అతని చెయ్యి గబుక్కున పైపంచె కిందికి పోయింది. లోపల ఏదో గుడ్డలో చుట్టుకుంది. లాగాడు. రాలేదు. మోచెయ్యి పైకెత్తి మళ్ళీ లాగాడు. మనిషే ఒక పక్కకు తిరిగిపోయాడు.

మద్దిలేటి లేవలేదు. నిన్న తాను పడ్డ పాట్లన్నీ ఇప్పుడు ఎదురుగా నిలబడి పడుతున్న మనిషిని చూశాడు. అంత భయంలోనూ అతనికి జాలేసింది.

"మెల్లగా తియ్యప్పా. కోసుకుంటావు," అన్నాడు.

సుంకన్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. రొప్పుతున్నాడు. "నీది యాడుంది? ఏదో పెద్దది తెచ్చినావంట గదా. గోడలు పగలగొడ్తాదంట."

"అదో," అంటూ మద్దిలేటి గుడ్డ మూల వైపు గడ్డంతో చూపించాడు.

సుంకన్న ఆ ఇనుపముద్దను చూశాడు. దాని మీద దారపు ఉండ ఒకటి ఉంది. వసారా అంచున కూలబడబోయాడు. కొడవలి అడ్డొచ్చింది. తిట్టుకుంటూ దాన్ని గుడ్డతో సహా ఊడబెరికి గుంజకు ఆనించి, అప్పుడు కూర్చున్నాడు. పెద్ద ఊపిరి ఒకటి వదిలాడు. అది విని మద్దిలేటి కూడా వదిలాడు.

"నిద్ర పోయి నెలైందిరా," అన్నాడు సుంకన్న, నేల చూస్తూ.

"నాకూ."

"అంతు చూస్తానని ఏదో నోరు జారినా. సంతలో అందరూ నవ్వుతాంటే."

"నాలుగు సాళ్ళు దున్నింది నేను గదా. రేపు గట్టు వెనక్కి జరుపుతా. నీ బండి నువ్వు తోలుకో."

సుంకన్న ముక్కు చీది, తువ్వాలుతో తుడుచుకున్నాడు. తాత ఏమీ విననట్టు కత్తిరిస్తూనే ఉన్నాడు. సూదుల గుడ్డ సుంకన్న ముందుకు జరిపాడు. సుంకన్న ఒక సూది తీసుకున్నాడు. పొట్టి చేతిలో సూది, పొడుగు చేతిలో దారం, రెండూ వణుకుతున్నాయి. దారం బెజ్జం పక్క నుంచి పోతోంది. మద్దిలేటి ఆ సూదిని పట్టుకుని కదలకుండా నిలిపాడు. దారం ఎక్కింది.

తాత కత్తెర పక్కన పెట్టాడు. కళ్ళద్దాలు పైకి నెట్టి, ఒకరి భుజాలు చూశాడు, ఇంకొకరి భుజాలు చూశాడు. కుట్టి పెట్టిన చొక్కాను గుడ్డముక్కల గంపలోకి విసిరేశాడు.

"ఈ కొలతలు ఇంక పనికిరావు," అంటూ టేపు చేతిలోకి తీసుకున్నాడు. "ఎవరు ముందు మెడ ఇస్తారు?"

ఇద్దరూ ఒక్కసారే లేచారు.