పిల్లల కోడి కోసం నలభై రాత్రులు

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక పక్క ఇసుకవాగు, ఇంకో పక్క రాళ్ళకొండ. ఎండాకాలంలో వాగు ఎండిపోయేది. అయినా ఇసుక తవ్వితే చెలమల్లో నీళ్ళు ఊరేవి. అందుకే జంతువులన్నీ వాగులోనే మకాం పెట్టేవి. వానలు మొదలైతే ఆ వాగు ఒక్క రాత్రిలో పొంగేది. ఆలోగా అందరూ కొండెక్కాలి. ఆలస్యమైతే వరద. తొందరపడితే దాహం, ఎందుకంటే వానలు పడేదాకా కొండమీద చుక్క నీరుండదు.

కొండెక్కే రోజు చెప్పే పని నక్కది. దాన్ని అందరూ గణకుడుగారు అనేవాళ్ళు. పోయినసారి కొండెక్కిన నాటి నుంచి పన్నెండు పున్నములు లెక్కపెట్టి "పదండి" అనేది. దాని తాతలు మూడేళ్ళకోసారి పదమూడో పున్నమి కూడా కలిపేవాళ్ళు. ఎందుకు కలిపేవాళ్ళో నక్కకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం దానికి నామోషీ. అందుకని ఆ పదమూడోదాన్ని తీసిపారేసింది.

దాంతో మొదటి ఏడాది పదకొండు రోజులు ముందే కొండెక్కారు. నాలుకలు పిడచకట్టుకుపోయాయి. రెండో ఏడాది ఇరవై రెండు రోజులు ముందు ఎక్కారు. ఆ ఏడు నారమ్మ అనే దుప్పికి పుట్టిన బిడ్డ దాహంతో చచ్చిపోయింది. "దాని రాత" అంది నక్క.

ఆ అడవిలోనే సన్నమ్మ అనే దేవాంగపిల్లి ఉండేది. పిడికెడంత ఒళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళు, మొహమంతా కళ్ళే. నడిస్తే తాబేలు కూడా దాటిపోయేది. రాత్రి కాగానే తుమికిచెట్టు చిటారుకొమ్మ పట్టుకుని ఆకాశం చూసేది. ఎవరూ చూడమనలేదు. చూసినందుకు ఎవరూ ఒక్క పండైనా ఇవ్వలేదు. చూడకుండా ఉండలేక చూసేది, అంతే.

దానికి అన్నిటికన్నా ఇష్టమైనది పిల్లల కోడి. కోడి చుట్టూ పిల్లలు చేరినట్టుండే చిన్న చుక్కల గుంపు అది. ఎండాకాలంలో ఒక సాయంత్రం పడమట కుంగి మాయమవుతుంది. ఆ తర్వాత రోజుకొక గింజను చెట్టు జిగురులో అద్దేది సన్నమ్మ. నలభై గింజలయ్యేసరికి పిల్లల కోడి తెల్లవారుజామున తూర్పున పొడిచేది. ఆపైన మూడు నాలుగు రోజుల్లో వాగు వచ్చేది. ఐదేళ్ళు చూసింది. ఐదేళ్ళూ అంతే.

మూడో ఏడు నక్క అందరినీ సభకు పిలిచి బండరాయి ఎక్కింది. "పన్నెండో పున్నమి అయింది. రేపు కొండెక్కాలి" అంది.

సన్నమ్మ గబగబా చెట్టు దిగింది. దిగేసరికి సభ సగం అయిపోయింది.

"గణకుడుగారూ, ఆగండి. పిల్లల కోడి దాక్కుని ఏడు రాత్రులే అయింది. ఇంకా ముప్పై మూడున్నాయి" అంది.

నక్క పకపకా నవ్వింది. "చెట్టు దిగడానికే దీనికి ఒక పూట పట్టింది. ఇది కాలం చెబుతుందట. ఆకాశం చూసే అధికారం నీకెవరిచ్చారే?"

"నా కళ్ళిచ్చాయి."

"మా వంశం ఏడు తరాలుగా చూస్తోంది."

"చూసింది మీ తాతలు. మీరు చూడటం మానేశారు. ఆకాశం ఎవరి అబ్బ సొత్తూ కాదు. పోయినేడు నారమ్మ బిడ్డ పోయింది. దాన్ని చంపింది రాత కాదు, మీ లెక్క."

నక్క మొహం మాడ్చుకుని, "దీని మాట నమ్మేవాళ్ళు ఇక్కడే ఉండండి. వరదొచ్చాక నన్ను పిలవకండి" అని కొండదారి పట్టింది. అలవాటు చొప్పున అందరూ దాని వెంటే వెళ్ళారు.

నారమ్మ మాత్రం నిలబడింది. దాని కాళ్ళ మధ్య ఈ ఏటి బిడ్డ ఉంది. "అక్కా, నీ మాట తప్పైతే?" అని అడిగింది.

సన్నమ్మ వాగు నడుమ ఉన్న పొదను చూపించింది. "నేను ఆ పొదలో ఉంటాను. నువ్వు పరుగెత్తగలవు, నేను పరుగెత్తలేను. వరదొస్తే ముందు పోయేది నేనే."

నారమ్మ ఆగిపోయింది. ముసలి అడవిదున్న కూడా ఆగింది. "ఎండి చావడంకన్నా మునిగి చావడం చల్లగా ఉంటుందిలే" అంది.

పదో గింజ అద్దిన రాత్రికి కుందేళ్ళు కొండ దిగొచ్చాయి. పదిహేనో రాత్రికి అడవిపందులు దిగొచ్చాయి. ఇరవయ్యో రాత్రి ఎవరో చెలమలో చప్పుడు కాకుండా నీళ్ళు తాగుతున్నారు. చీకటి సన్నమ్మ కళ్ళకు ఒక లెక్కా? అది నక్క.

"కడుపునిండా తాగండి గణకుడుగారూ" అంది సన్నమ్మ.

నక్క ఉలిక్కిపడింది. "నేను చెలమ లోతు చూడటానికొచ్చాను" అంది.

"చూశారుగా. పైనున్నవాళ్ళను కూడా తీసుకొచ్చి చూపించండి. లెక్క తప్పడం సిగ్గు కాదు. తప్పని తెలిసీ పిల్లల గొంతులు ఎండబెట్టడం సిగ్గు."

తెల్లారేసరికి అడవంతా వాగులోకి దిగింది. అప్పుడు తెలిసింది సన్నమ్మకు భయమంటే. ఇన్నాళ్ళూ తన ప్రాణం ఒక్కటే. ఇప్పుడు తన లెక్క తప్పితే అడవే కొట్టుకుపోతుంది. ప్రతి రాత్రీ జిగురులో గింజలు మూడుసార్లు లెక్కపెట్టుకుంది.

నలభయ్యో గింజ అద్దిన తెల్లవారుజామున తూర్పంతా మబ్బు. అందరూ పొద చుట్టూ మూగారు.

"కనిపించిందా?" అంది దున్న.

"లేదు తాతా. కనిపించలేదు."

నక్క చెవి దగ్గరకొచ్చి, "కనిపించిందని చెప్పెయ్యవే. ఎవరికి తెలుస్తుంది?" అంది.

"నాకు తెలుస్తుంది" అంది సన్నమ్మ. తర్వాత అందరికీ వినబడేలా చెప్పింది. "నేను చూడలేదు. కానీ లెక్క నిండింది. పిల్లల్ని గట్టుమీద పడుకోబెట్టండి. పెద్దవాళ్ళు నీళ్ళ దగ్గరే ఉండి కనిపెట్టుకోండి. చూసిన క్షణం చెబుతాను."

మర్నాడు తెల్లవారుజామున మబ్బు జానెడు మేర చీలింది. ఆ చీలికలో, చెట్ల తలలకు పైన, ఆరు చిన్న చుక్కలు మినుకుమన్నాయి. సన్నమ్మ చెయ్యెత్తి చూపించింది. "అదిగో. పదండి" అంది.

దున్న దాన్ని వీపునెక్కించుకుంది. అడవంతా కొండెక్కింది. మూడో రాత్రి వాగు ఎర్రగా పొంగి, నడుమనున్న పొదను వేళ్ళతో సహా పట్టుకుపోయింది. కొండమీద రాతిగుంటల్లో వాననీళ్ళు నిండాయి. ఆ ఏడు ఒక్క బిడ్డా పోలేదు.

"ఇకనుంచి గణకురాలివి నువ్వే. నువ్వు చెప్పిందే వేదం" అంది దున్న.

"వద్దు తాతా. ఒక్కరు చూసి అందరూ నమ్మితే మళ్ళీ ఇదే కథ. పిల్లల్ని నా దగ్గరికి పంపండి, అందరం చూద్దాం. గణకుడుగారిని కూడా రమ్మనండి" అంది సన్నమ్మ.

మరుసటి ఏడు ఎండాకాలం. ఒక సాయంత్రం తుమికిచెట్టు కింద పిల్లలంతా కూర్చున్నారు. నక్క చివర్న కూర్చుంది. సన్నమ్మ పడమటికి చూసి, "ఈవేళ పిల్లల కోడి దాక్కుంది. మొదటి గింజ అద్దండి" అంది.

నారమ్మ కూతురు కదలలేదు. "కాదు పెద్దమ్మా" అంది. "ఇంకా ఉంది. ఆ ఈతచెట్టు మట్టకు కాస్త పైన చూడు."

పిల్లలంతా బిక్కచచ్చిపోయారు. సన్నమ్మ కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. నిజమే. ఈతమట్ట మీద పలచగా, ఆరిపోబోతూ, పిల్లల కోడి ఉంది.

సన్నమ్మ చేతిలోని గింజను పక్కన పెట్టేసింది. ఐదేళ్ళు లెక్క తప్పనప్పుడు గానీ, అడవంతా కొండెక్కినప్పుడు గానీ దాని ఛాతీ అంతగా పొంగలేదు. "తప్పు నాదే. ఈ పిల్ల చూసింది" అని అందరికీ వినబడేలా చెప్పింది.

నీతి: పెద్దవాళ్ళు చెప్పారని ఊరుకోకుండా మన కళ్ళతో చూడాలి, చూసింది నిలబడి చెప్పాలి, మన తప్పును చిన్నవాళ్ళు చూపించినా గర్వంగా ఒప్పుకోవాలి.