ఓబన్న విత్తనాలకు పట్టిన బూజు

ఓబన్న ఇంట్లో ముగ్గురూ తెలివైనవాళ్ళే. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకున్నారు. చెప్పిన మాట చెప్పినట్టు చేసేవాళ్ళు ఈ చుట్టుపక్కల తామేనని ఓబన్న, పెళ్ళాం సుంకమ్మ, తమ్ముడు తిప్పన్న రోజూ చెప్పుకుని మురిసిపోయేవాళ్ళు.

ఆ ఏడు తొలివాన బాగా పడింది. చేను దున్ని, విత్తనాల మూట విప్పితే వేరుశెనగ గింజల మీద ఏదో పొడిపొడిగా ఉంది. ఉన్న విత్తనం అదొక్కటే. అది పోతే చేను బీడే.

తిప్పన్న పరిగెత్తి వ్యవసాయ ఆఫీసరమ్మ హైమవతితో చెప్పాడు. అదేం బూజో చూస్తేగానీ మందు చెప్పలేనని, కాస్త బూజు తీసుకురమ్మని ఆవిడ అంది. అంతే, ఇంటికొచ్చి పొడుగు చీపురు అందుకుని, అటక మీద, దూలాల సందుల్లో ఉన్న బూజంతా దులిపి, గంపకెత్తి తెచ్చి ఆవిడ బల్ల మీద పోశాడు. సాలీళ్ళు ఆఫీసంతా పాకాయి.

ఆవిడ ఓపిక తెచ్చుకుని వివరించింది. గింజల బూజుకి దారప్పోగులాంటి కాడ, దాని మీద గుండుసూదికున్నట్టు తల ఉంటాయట. తల రంగును బట్టి ఏ బూజో తెలుస్తుందట. గుప్పెడు గింజలు తడిగుడ్డలో చుట్టి మూతపెట్టి ఉంచితే, నాలుగైదు రోజుల్లో అదే బయటపడుతుందట.

ఇంకేముంది, బయటపడి పారిపోతే ఎలాగని ఇల్లంతా కాపలా. ఓబన్న కోళ్ళగంప పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. తిప్పన్న కర్రతో కిటికీ దగ్గర నిలబడ్డాడు. పొగగూట్లోంచి దూరి పోతుందేమోనని సుంకమ్మ దాన్ని గోనెతో కుక్కి పొయ్యి వెలిగించింది. పొగకి ముగ్గురూ ఏడుస్తూ దగ్గుతూనే కూర్చున్నారు గానీ, ఒక్కరూ కదల్లేదు.

ఐదోనాడు హైమవతి ఫోన్ చేసి, తల ఏ రంగులో ఉందో చూసి చెప్పమంది. తిప్పన్న అన్నను వంగమన్నాడు. శ్రద్ధగా చూశాడు.

"చుట్టూ తెల్లగా ఉంది మేడమ్. నడిమధ్య నున్నగా మెరుస్తోంది."

అలాంటి బూజు ఆవిడ ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఊరి విత్తనాలన్నిటికీ అంటుకుంటుందేమోనని హడలిపోయి, బండి మీద దుమ్ము రేపుకుంటూ వచ్చింది. గుడ్డ విప్పి, భూతద్దం పెట్టి చూస్తే కాడల మీద తలలన్నీ నల్లగా ఉన్నాయి. మామూలు నల్ల బూజే, మందుకు లొంగుతుంది. ఇక వీళ్ళకు చెప్పి లాభం లేదని చెడ్డ గింజలు తనే ఏరేసింది, మంచివాటికి తనే మందు పట్టించింది, విత్తడం అయ్యేదాకా గట్టు మీదే నిలబడింది. పోతూ పోతూ, గింజలకు మళ్ళీ బూజు పడుతుందేమో చూస్తూ ఉండమని మాత్రం అంది.

వారం తర్వాత ఆవిడ వచ్చేసరికి చేనంతా పందులు కుమ్మినట్టుంది. ముగ్గురూ గట్టు మీద కూర్చుని, తవ్వి తీసిన గింజల్ని ఒక్కొక్కటే సుంకమ్మ పైటకొంగుతో తుడిచి చాటలో వేస్తున్నారు.

ఆవిడను చూడగానే ఓబన్న లేచి చేతులు కట్టుకున్నాడు.

"మీరు చెప్పబట్టి సరిపోయింది మేడమ్. ప్రతి గింజకీ తెల్లటి తోక మొలిచింది. అన్నీ తుంచేశాం."