తవిటమ్మ కూత

అనగనగా, కరెంటు అనే మాట ఇంకా పుట్టని కాలంలో, ఒక ఏటిగట్టున వడ్లమిల్లు ఉండేది. మిల్లుకి ఆవిరి ఇంజను ఉండేది. ఇంజను పొయ్యిలో ఊక ఎగదోసే తవిటమ్మ ఉండేది.

తవిటమ్మకు పాలు తాగే కొడుకు. గోడవతల చీర ఉయ్యాల్లో పడుకోబెట్టి పనికొచ్చేది. పొద్దున తిరిగిన చక్రం దీపాల వేళకే ఆగేది. అంతవరకూ ఏ తల్లీ కదలకూడదు. ఆ రొదలో ఎవరి బిడ్డ ఏడుపూ వినపడేది కాదు. రైక తడిస్తేనే ఆకలివేళ అని తెలిసేది.

ఒకనాడు రైక తడిసింది. తవిటమ్మ మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది.

"పాలిచ్చొచ్చేస్తాను బాబూ."

"చక్రం ఆగదు."

గుమాస్తా దగ్గరికి వెళ్ళింది. "చక్రం ఆగదు." కామందు దగ్గరికి వెళ్ళింది. ఆయన నవ్వాడు.

"నన్నడుగుతావేటే? పోయి చక్రాన్నే అడుగు."

"సరే బాబూ, దాన్నే అడుగుతాను."

ఇంజను నడిపే సన్యాసి అనే ముసలాయన దగ్గరికి వెళ్ళింది.

"చక్రాన్ని తిప్పీదెవులు మావా?"

"అదిగో, ముందుకీ వెనక్కీ ఆడే ఆ ఇనప చెయ్యి."

"చేతిని తోసీదెవులు?"

"ఆ గొట్టంలో పిస్టను. ఆవిరి దాన్ని ఓసారి ఈ పక్కనుంచి తోస్తది, ఓసారి ఆ పక్కనుంచి. వాల్వు దారి మారుస్తుంటది."

"ఆవిరెక్కడిది?"

"నీ పొయ్యి మీద బాయిలరు లేదేటే, పిచ్చిదానా!"

"మరి గొలుసు లాగితే ఇంజను కూసే కూత?"

"అదీ ఆ ఆవిరే తింటది. అందుకే పొట్టి కూతలే వెయ్యమంటాడు కామందు. ఎక్కువ కూస్తే..."

తవిటమ్మ అప్పటికే కూత గొలుసు పట్టుకుని లాగింది.

కూ అని కూసింది ఇంజను. మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. "వదలవే!" వదల్లేదు. గుమాస్తా వచ్చాడు. "వదలవే!" వదల్లేదు. పొయ్యి మలిగిపోతోంది. ఊక వేసే మనిషి గొలుసు దగ్గరుంది మరి. ఆవిరి పల్చబడింది. పిస్టను నీరసించింది. ఇనప చెయ్యి సగంలో నిలబడిపోయింది. చక్రం ఆగింది. కూతా సన్నగిల్లి ఆగింది.

అప్పుడు వినపడింది. గోడవతల ఉయ్యాలలన్నీ ఏడుస్తున్నాయి. తల్లులు చేటలు పడేసి పరిగెత్తారు.

కామందు ఊగిపోతూ వచ్చాడు. "ఆవిరంతా దండగ చేశావు కదే! మళ్ళీ ఎప్పటికి కాగాలి?"

బిడ్డను రొమ్ముకు అదుముకుని తవిటమ్మ అంది: "వీడు తాగేలోపు కాగదు బాబూ. కూకోండి."

మర్నాడు ఆమెను లోపలికి రానివ్వలేదు. గొలుసు ఇంకొకామె లాగింది. ఆమెనూ గెంటేశారు. మూడోనాడు మరొకామె లాగింది. ఆ తర్వాత పొయ్యి దగ్గరికి రమ్మంటే ఊళ్ళో ఎవరూ రాలేదు. "ముందు తవిటమ్మని పిలవండి" అన్నారు. కామందు పళ్ళు కొరుక్కుంటూ పిలిచాడు. మధ్యాహ్నం కూత ఒకటి కొత్తగా వేయించాడు. అది వినగానే చక్రం ఆగేది.

తవిటమ్మ పోయింది. మిల్లూ పోయింది. ఇంజనును తుక్కు కింద ఎత్తుకెళ్ళారు.

ఆ ఏటిగట్టు పల్లెల్లో ఇప్పటికీ, నాట్లు వేసేటప్పుడు గట్టు మీద బిడ్డ ఏడిస్తే, ఎవరో ఒకామె బురద చేతులు నోటికి అడ్డం పెట్టి "కూ" అంటుంది. అందరూ నడుములెత్తి నిలబడతారు, తల్లి గట్టెక్కి బిడ్డకు పాలిస్తుంది. పని ఎందుకాపారని భూమి కామందు అరిస్తే, "తవిటమ్మ కూసింది" అంటారు.