ఓబులమ్మ తెల్లగుడ్డ

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా పాకుతున్న రోజుల్లో, ఏటి గట్టున నీలిమందు అద్దకంవాళ్ళ పల్లె ఒకటుండేది. అక్కడ చేతులు నీలం, గడపలు నీలం, కాకి వాలితే దాని కాళ్ళూ నీలం!

ఆ పల్లెలో రంగుబానలు కలిపే కూలిమనిషి ఓబులమ్మ. చిన్న వయసులో ఆమెకు బిడ్డ పుట్టింది, నీలంగా. "మన చేతుల రంగేలే, కడిగితే పోతాది" అన్నాడు అద్దకాల పెద్ద పుల్లన్న. కడిగారు. రంగు పోలేదు. బిడ్డే పోయింది. పేరైనా పెట్టుకోలేదే అని ఓబులమ్మ ఏళ్ళ తరబడి కుమిలింది.

అప్పటినుంచి ఎవరింట పురుడొచ్చినా రంగంటని తెల్లగుడ్డ చంకన పెట్టుకుని పోయేది. పిలిచినా పోయేది, పిలవకున్నా పోయేది. పిలవని పేరంటమని జనం నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ, బిడ్డకన్నా సిగ్గెక్కువా?

ఒక ఇంట బిడ్డ వీపు నీలం. తడిపిన గుడ్డతో తుడిచింది. గుడ్డ నీలమైంది. "ఇది రంగే తల్లీ" అని నవ్వింది.

ఇంకో ఇంట అరచేతులు, అరికాళ్ళు నీలం. తుడిచినా పోలేదు. నాలుక చూసింది. ఎర్రగా ఉంది. "చలికి అట్లయింది. తల్లి రొమ్ముకు ఆనించి కప్పండి" అంది. పొద్దు వాలేలోపు పాదాలు ఎర్రబడ్డాయి.

మూడో ఇల్లు పుల్లన్నదే. కూతురి బిడ్డ ఒళ్ళంతా నీలం, ఏడుపు లేదు.

"రంగేలే, కడగండి" అన్నాడు పుల్లన్న.

"ఆ మాట ఒకసారి విన్నానన్నా. ఇంక వినను." నాలుక చూసింది. నేరేడుపండు తిన్నట్టుంది. "రంగు నాలుకదాకా యాడ పోతాదన్నా? బిడ్డకు ఊపిరి ఆడడంల్యా!"

గుడ్డ కొసతో నోరు తుడిచింది. వీపు రుద్దింది. మళ్ళీ రుద్దింది. మూడోసారి రుద్దితే బిడ్డ కేరుమంది! పెదవులు ఎర్రబడ్డాయి, నాలుకా ఎర్రబడింది. ఓబులమ్మ కూలబడి భోరున ఏడ్చింది.

"పాలు తాగేటప్పుడు మళ్ళా నీలమైతే తడవు చేయద్దు, బండి కట్టి వైద్యుడి కాడికి పోండి" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"ఆనాడు నేను నీ బిడ్డ నాలుక చూసుంటే..." అన్నాడు పుల్లన్న.

ఓబులమ్మ పోయి ఎన్ని తరాలైందో! ఆ పల్లెలో ఇప్పటికీ ప్రతి ఇంటా ఒక తెల్లగుడ్డను రంగులో ముంచకుండా దాస్తారు. బిడ్డ పుడితే ఆడా మగా అని ముందడగరు, "నాలుక చూశారా?" అంటారు. ఎర్రగా ఉందంటేనే బెల్లం పంచుతారు. పేరు పెట్టేదాకా ఆ బిడ్డ ఎవరి బిడ్డని అడిగితే, కన్నతల్లి కూడా ఒకటే మాట చెబుతుంది.

"ఓబులమ్మ బిడ్డ."