దళవాయి నడికట్టు

రేవులో బట్టలుతికే పెంచలయ్యకు నడివయసులో వడిసెల పిచ్చి పట్టుకుంది. నారతో తనే తాడు పేనుకుని, నడుమ తోలుముక్క కుట్టి, అందులో రాయి పెట్టి గిరగిరా తిప్పి వదిలేవాడు. ఏడాది తిరిగేసరికి ఏటి అవతలి గట్టున వేలాడదీసిన కుండను పగలగొట్టసాగాడు. ఊరంతా వచ్చి చూసేది.

అది దళవాయి వీరభూపతికి కంటగింపయింది. తన సైనికులకే లేని గురి వీడికేమిటని, "వడిసెల ఆయుధం. ఎవరి దగ్గర దొరికినా చెరసాలే" అని చాటింపు వేయించాడు.

పెంచలయ్య తన వడిసెలలన్నీ తెచ్చి కోట ముంగిట రాజు ముందు కుప్ప పోశాడు.

"ఇంకొకటి మిగిలింది ప్రభూ. అది దళవాయిగారి నడుముకుంది."

"నా పట్టు నడికట్టు వడిసెలట్రా?" అంటూ దళవాయి మండిపడి, దాన్ని విప్పి వాడి మీదికి విసిరాడు.

పెంచలయ్య దాన్ని మధ్యకు మడిచి, మడతలో గులకరాయి పెట్టి, తిప్పి ఒక కొస వదిలాడు. బురుజు మీది గంట ఖంగుమంది.

"రాయి విసిరేదల్లా ఆయుధమైతే ఇదీ ఆయుధమే ప్రభూ. చెరసాలకు దళవాయిగారూ నేనూ కలిసే పోతాం."

రాజు పడీపడీ నవ్వి, చాటింపు రద్దు చేశాడు.

వారం తిరక్కుండానే దళవాయి ఇంటి మాసిన బట్టల మూటలో ఆ నడికట్టు వచ్చింది. విప్పి చూస్తే నడిమధ్యన పట్టంతా రాళ్లకు ఒరుసుకుపోయి ఉంది. తను పెట్టింది ఒక్క రాయే.

పెంచలయ్య మీసం దువ్వుకుని, దాన్ని బండకేసి బాదకుండా చేత్తోనే సుతారంగా ఉతికాడు. ఎంతైనా శిష్యుడి బట్ట.